బడికి ఇచ్చేది దానమా, విరాళమా?

సందేహం: మా ఊరి బడికి రెండు గదులు కట్టించాలని పూర్వ విద్యార్థులమంతా కలిసి డబ్బు పోగు చేస్తున్నాం. కరపత్రంలో ‘మన బడికి దానం చేయండి’ అని రాశాం. ‘బడేమన్నా బిచ్చమెత్తుతోందా?’ అని ఊరి పెద్దాయన ఒకరు కోప్పడ్డారు. అమెరికాలో ఉన్న మావాళ్లేమో ‘డొనేషన్’, ‘కమ్యూనిటీకి గివింగ్ బ్యాక్’ అని పెట్టమంటున్నారు. చారిటీ, డొనేషన్, వాలంటీర్, కమ్యూనిటీ లాంటి మాటల చోట తెలుగులో ఏం రాయాలి?

సమాధానం: పెద్దాయన కోపంలో సగం న్యాయం ఉంది. మీ వాక్యంలో ‘దానం’ అతకలేదు. అయితే ఆ మాట తక్కువదని మాత్రం నేను ఒప్పుకోను.

ఒక ముసలమ్మకు చీర పెట్టి ‘విరాళం ఇచ్చాను’ అనం. గ్రంథాలయానికి పది వేలు ఇచ్చి ‘దానం చేశాను’ అని కూడా అనం. డబ్బు ఒక పనికో సంస్థకో ఇస్తే అది విరాళం. మనిషి చేతిలో పెడితే దానం. బడికి స్థలం ఇచ్చినవాళ్ల గురించి మాత్రం ‘దానంగా ఇచ్చారు’ అంటాం, అది భూదానం అలవాటు. పక్కన చేరే క్రియలు గమనిస్తే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. దానం చేస్తాం, విరాళం ఇస్తాం, చందా వేసుకుంటాం. విరాళాలు సేకరిస్తాం, ప్రకటిస్తాం. దానాలు సేకరించామని ఎవరూ చెప్పరు. అందుకే ఫండ్ రైజింగ్‌కు ‘విరాళాల సేకరణ’ చక్కగా సరిపోతుంది. ‘నిధుల సమీకరణ’ అంటే ఏదో కంపెనీ షేర్లు అమ్ముతున్నట్టు ఉంటుంది.

ఊళ్లో ఇంటింటికీ వెళ్లి అడిగేటప్పుడు ‘చందా’ అనండి. ఇది పారసీ నుంచి వచ్చిన మాట. ‘చంద్’ అంటే కొన్ని, కొంత. తలా కొంత వేసుకునేది చందా. వినాయక చవితి పందిరికి ఇచ్చేదీ, పత్రికకు ఏడాదికోసారి కట్టేదీ అదే. ఇంగ్లీషు సబ్‌స్క్రిప్షన్ కూడా ఒకప్పుడు ఈ రెండు పనులూ చేసింది. కాగితం కింద పేరు రాసి, ఇంత ఇస్తానని ఒప్పుకోవడం దాని అసలు అర్థం. యాభై రూపాయలు ఇచ్చే కూలీ కూడా ‘నా చందా’ అని తలెత్తుకుని చెప్పగలడు. ఆ గౌరవం ‘విరాళం’లో అంతగా లేదు. అది కాస్త పెద్ద మొత్తాల మాట.

‘డొనేషన్’ మాత్రం దయచేసి వద్దు. లాటిన్ ‘డోనుం’, సంస్కృత ‘దానం’ ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలే. కాని మన దగ్గర డొనేషన్ అంటే సీటు కోసం కాలేజీకి కట్టే డబ్బు. దాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం చేయాల్సి వచ్చింది. ఉచితంగా చదువు చెప్పే బడి కరపత్రం మీద ఆ మాట కనబడితే తల్లిదండ్రులు టెన్షన్ పడతారు.

ఇక దానం సంగతి. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అన్న బాధ పెద్దాయనది. ఇంగ్లీషులో చారిటీకీ ఇదే గతి పట్టింది. దాని మూలమైన లాటిన్ ‘కారితాస్’కు అర్థం ప్రేమ. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో పౌలు మాటల్లో ‘చారిటీ’ అని ఉన్నచోట మన తెలుగు బైబిల్లో ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ’ అని ఉంటుంది. 1881లో సవరించినప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా ఆ చోట ‘లవ్’ అని మార్చుకున్నారు. అప్పటికే చారిటీ అంటే బీదలకు పడేసేది అన్న అర్థం బలపడిపోయింది.

మన మాటకు అంత అన్యాయం జరగనివ్వకూడదు. గీత పదహారో అధ్యాయం భాష్యంలో శంకరులు దానానికి అర్థం చెబుతూ ‘యథాశక్తి సంవిభాగః’ అన్నారు. అన్నం మొదలైనవి శక్తికొద్దీ పంచుకోవడం అని. గాంధీ శిష్యుడు వినోబా భావే పట్టుకున్నది ఈ ‘సంవిభాగం’ అన్న మాటనే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు సాగుకు 80 ఎకరాలు కావాలని ఆయన్ను అడిగితే, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. దాన్ని భూదానం అన్నారు. రక్తదానం, నేత్రదానం అంటే ఈ రోజుకీ ఎవరూ చిన్నబుచ్చుకోరు. రక్త విరాళం అని చూడండి, నోటికే రాదు.

చారిటీ అంటే సంస్థ అనే అర్థంలో అయితే మనకు ‘ధర్మం’ ఉంది. ధర్మసత్రం, ధర్మాసుపత్రి, దేవాదాయ ధర్మాదాయ శాఖ అన్నీ ఆ వాడుకే. ట్రస్టీకి ‘ధర్మకర్త’ కంటే మంచి మాట నాకు కనబడలేదు.

వాలంటీర్ అంటే ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత 5,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసిన గ్రామ వాలంటీరే గుర్తొస్తారు. మీరు అడిగేది ఒళ్లు వంచి ఇటుకలు మోసే సాయమైతే ‘శ్రమదానం’ అని రాయండి.

కమ్యూనిటీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘మీ కమ్యూనిటీ ఏంటి?’ అని మనవాళ్లు అడిగేది కులం గురించి. ‘స్థానిక సముదాయం’ అనువాదం వాసన వేస్తుంది. ‘ఊరు’ అంటే చాలు. గివింగ్ బ్యాక్‌ను ‘తిరిగి ఇవ్వడం’ అంటే చిల్లర తిరిగిచ్చినట్టుంటుంది. మనం ‘పుట్టిన ఊరి రుణం తీర్చుకోవడం’ అంటాం. ‘ఊరిని దత్తత తీసుకోవడం’ కూడా ఈమధ్య బాగా వినబడుతోంది. పెంచింది ఊరైతే, దాన్ని మనం దత్తత తీసుకోవడమేమిటో నాకు మింగుడుపడదు.

మీ కరపత్రాన్ని నేనైతే ఇలా రాస్తాను:

‘మనకు అక్షరాలు నేర్పిన బడికి రెండు గదులు కావాలి. ఊళ్లో ఉన్నవాళ్లు తలా కొంత చందా వేసుకుందాం. దూరాన ఉన్నవాళ్లు విరాళాలు పంపండి. డబ్బు వీలుకానివాళ్లు ఒక్కరోజు శ్రమదానానికి రండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోండి.’