విండోస్ వదిలేస్తే కటింగ్ మెషిన్ పని ఆగదు, కానీ తలకట్లు చూసుకోండి

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 తీసేసి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే, ఇంట్లో కటింగ్ మెషిన్‌తో (కంప్యూటర్లో గీసిన బొమ్మని బ్లేడుతో కోసేది) చేసుకునే స్టిక్కర్లు, కేక్ టాపర్ల పని సాగుతుందా, లేక మ్యాక్ కొనాల్సిందేనా అని అడిగారు. సాగుతుంది. పోయిన నవంబరు నుంచి నా పని అలాగే సాగుతోంది. కాకపోతే మా ఇంట్లో మిక్సీ తిరగకపోయినా "ఇంకా ఎక్కించు లినక్స్" అంటారు. ఆ మాట ఎలా పుట్టిందో చెప్తే మీకు కావలసింది అందులోనే దొరుకుతుంది. దొరక్కపోయినా, ఎవరి షష్టిపూర్తికో టాపర్ చేయాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

నాది 2017లో కొన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఒక్క మార్కుతో ఫెయిలైన పిల్లాడిలా మిగిలిపోయింది నాది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలిచ్చారు గానీ, అది అప్పులవాణ్ణి వాయిదా అడిగినట్టే. సరే అని సికింద్రాబాద్ పార్క్ లేన్‌కి వెళ్ళి అక్కడి కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక కొత్త డిస్క్ (ఎస్‌ఎస్‌డీ) కొన్నాను. కౌంటర్‌లో అబ్బాయి "లినక్స్ ఎందుకు మేడమ్, అది సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కదా, కొత్త ల్యాప్‌టాప్ తీసుకోండి, ఈఎంఐ ఉంది" అన్నాడు. నన్నడిగితే లినక్స్ నేర్చుకోవడానికి అందరికంటే తగినవాళ్ళు చేతిపనులు చేసే ఆడవాళ్ళే. ఊలు చిక్కుపడితే గంటసేపు కూర్చుని విప్పే ఓపిక ఉన్నవాళ్ళకి నాలుగు కమాండ్లు ఒక లెక్కా? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మరిది సాయానికొచ్చి పది నిమిషాలకే లేచిపోయాడు.

లినక్స్ రకాల్లో మింట్ ఎంచుకున్నాను. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను. మనం ఇన్‌స్టాల్ నొక్కేదాకా అది డిస్క్ జోలికి పోదు. వైఫై వచ్చింది, ప్రింటర్ వచ్చింది. బొమ్మలు గీసుకునే ఇంక్‌స్కేప్, గింప్, క్రీటా మూడూ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉన్నాయి. విండోస్‌లోనూ ఇంక్‌స్కేప్‌లోనే గీసేదాన్ని కాబట్టి ఇల్లు మారినా వంటగది సామాను మారనట్టే అనిపించింది.

కటింగ్ మెషిన్ మాత్రం మొదట కదల్లేదు. దాని కంపెనీ సాఫ్ట్‌వేర్ విండోస్‌కి, మ్యాక్‌కి మాత్రమే ఉంది. ఇంక్‌స్కేప్ నుంచే నేరుగా కత్తిరించే ఎక్స్‌టెన్షన్ (దానికి తగిలించుకునే అదనపు ముక్క) ఒకటి నా మోడల్‌కి పనిచేస్తుందని ముందే చూసుకున్నాను. అయినా ఉలుకూ పలుకూ లేదు. తీరా చూస్తే యూఎస్‌బీకి తగిలించిన ఆ మెషిన్‌ని తాకే అనుమతి నా యూజర్‌కి లేదు. ఎల్‌పీ అనే గ్రూపులో నన్ను చేర్చుకుని, లాగవుట్ అయి మళ్ళీ వచ్చాక బ్లేడు కదిలింది. మీ మెషిన్‌కి అలాంటి ఎక్స్‌టెన్షన్ ఉందో లేదో అన్నిటికంటే ముందు చూసుకోండి. మీది క్రికట్ కంపెనీ మెషిన్ అయితే (ఆడే క్రికెట్ కాదు) దాని సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్ లినక్స్‌కి లేదు. కానీ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో గీసి, ఫైలు ఫోన్‌కి పంపి, అక్కణ్ణుంచి కత్తిరించుకోవచ్చు.

ఇక షష్టిపూర్తి. మా బాబాయికి అరవై నిండాయి. నాచారంలో ఫంక్షన్ హాలు. కేకు మీద గుచ్చడానికి బంగారు రంగు షీటులో "షష్టిపూర్తి" అని కత్తిరించి తెస్తానని పిన్నికి మాటిచ్చాను. షీటు బేగంబజార్‌లో తెచ్చాను. అక్షరాలు మా వీధి చివరి డీటీపీ షాపులో నెల ముందే అందంగా కొట్టించి పెట్టుకున్నాను, అప్పటికింకా విండోసే. లినక్స్‌కి మారిన వారానికి, ఫంక్షన్ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి ఫైలు తెరిస్తే అందులో షష్టిపూర్తి లేదు. నాలుగైదు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక డాలర్ గుర్తు, తోకున్న సి ఒకటి ఉన్నాయి.

"చూశావా, లినక్స్‌కి తెలుగు రాదు" అన్నారు మా ఆయన గుమ్మంలోంచే.

లినక్స్‌కి తెలుగు వచ్చు. రానిది ఆ ఫాంటుకి. అది యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకీ వాటి సొంత చోటిచ్చే పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టిన పాతకాలం ఫాంటు. ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట అసలు రంగు బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల్ని బడికి పంపుతున్నారు, మన డీటీపీ షాపులు మాత్రం ఇంకా ఆ గళ్ళలోనే ఉన్నాయి. ఫోన్లో శుభ్రంగా టైపు చేసి పంపిన పెళ్ళి కార్డు మేటర్ని వాళ్ళు మళ్ళీ మొదటినుంచి కొడతారు, కొట్టేటప్పుడు కొత్త తప్పులు దించుతారు. మా చెల్లి పెళ్ళి కార్డులో చి.ల.సౌ. కాస్తా చి.ల.సే. అయి అచ్చయింది. ఆ రాత్రి షాపతనికి ఫోన్ చేస్తే "ఆ ఫాంట్ మీ దగ్గర లేదా మేడమ్? అందరి దగ్గరా ఉంటుందే" అన్నాడు.

సరే, మళ్ళీ నేనే టైపు చేసుకున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో మన తెలుగువి రామభద్ర, రవిప్రకాష్, ధూర్జటి, మండలి, గిడుగు ఇంకా చాలా ఉచితంగా ఉన్నాయి. రామభద్ర లావుగా, కాగితంలో కత్తిరించడానికి గట్టిగా ఉంటుంది. దించుకుని, డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే అంతే. వొత్తులూ గుడులూ ఎక్కడివక్కడ చక్కగా కూర్చున్నాయి. ఆబ్జెక్ట్ టు పాత్ చేశాను, అంటే అక్షరాల్ని ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చాను. ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలన్నీ కలిసిపోవడానికి యూనియన్ చేశాను. ఇది మరిచిపోతే బ్లేడు అక్షరం మధ్యలోంచి కోసుకుంటూ పోతుంది. అక్షరాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి కింద ఒక పట్టీ గీసి, అక్షరాలనీ వొత్తులనీ దానికి కలిపాను. అంతకుముందు నేను చేసినవన్నీ ఇంగ్లిష్ టాపర్లే. గొలుసుకట్టు రాతలో అక్షరాలు వాటంతటవే చేతులు పట్టుకుని నిలబడతాయి. తెలుగులో ఇదే మొదటిది.

మెషిన్ కత్తిరించింది. షీటుని పట్టి ఉంచే జిగురు మ్యాట్ మీంచి సన్నటి చెంచా లాంటి స్పాచులాతో మెల్లగా లేపాను. ష లేచింది. దాని తలకట్టు మ్యాట్ మీదే ఉండిపోయింది.

పూ లేచింది. దాని తలకట్టు కూడా అక్కడే ఉంది.

చిన్నప్పటి నుంచీ రాస్తున్న అక్షరాల్ని ఆ రాత్రే మొదటిసారి సరిగ్గా చూశాను. వ, న, త లకి తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది. ప, ష, స, హ లకి అంటుకోదు, పైన విడిగా తేలుతుంది. వకీ పకీ తేడానే అది. పలక మీద రాసేటప్పుడు గాలిలో ఉన్నా పడిపోదు, గోడ మీద అతికించే వినైల్ స్టిక్కర్లోనూ పరవాలేదు, ట్రాన్స్‌ఫర్ టేపు అన్నిటినీ ఎక్కడివక్కడ పట్టి ఉంచుతుంది. కేకు మీద నిలబడాల్సిన అట్టలో మాత్రం దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు.

"ఇది కూడా లినక్స్ వల్లేనా?" మా ఆయన మంచినీళ్ళకి లేచి అడిగారు.

"ఇది ఓనమాల నాటి సమస్య, మీరు పడుకోండి" అన్నాను.

తలకట్టుకీ ప ఒంటికీ మధ్య సన్నటి వంతెన గీశాను, ఒక మిల్లీమీటరు వెడల్పు. మ్యాట్ మీంచి లేపుతుండగానే తెగింది. మూడు మిల్లీమీటర్లు చేశాను. తెగలేదు, కానీ చదివితే "షష్టివూర్తి" అని ఉంది. ఇంగ్లిష్‌లో స్టెన్సిల్ ఫాంట్లు కోకొల్లలు. తెలుగులో తలకట్టుని అందంగా పట్టి ఉంచే స్టెన్సిల్ ఫాంటు ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఫాంట్లు చేసేవాళ్ళందరికీ వార్తలకీ శుభలేఖలకీ ఎలా ఉంటుందనే ధ్యాసే గానీ, కత్తెర పట్టేవాళ్ళు కూడా మనుషులేనని తోచదు.

చివరికి అక్షరాల చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు ఉబ్బించిన నీడ ఒకటి గీసి, అది మెరూన్ షీటులో కోసి, బంగారు అక్షరాలు దాని మీద అతికించాను. ఇంక్‌స్కేప్‌లో అవుట్‌సెట్ నొక్కితే నీడ వచ్చేస్తుంది. తలకట్లు మాత్రం ట్వీజర్స్‌తో పట్టుకుని, పల్చగా జిగురు రాసి, ఒక్కొక్కటే దింపాను. రాత్రి ఒకటిన్నర.

అప్పుడు చుట్టూ పెట్టాల్సిన నెమళ్ళ చట్రం గుర్తొచ్చింది. నెట్‌లో కొన్న డిజైన్, ఎనిమిది అంగుళాలని రాసి ఉంది. కత్తిరిస్తే ఆరు అంగుళాలే వచ్చింది. ఇదీ లినక్స్ తప్పు కాదు. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఎస్‌వీజీ అనే గీతల ఫైళ్ళలో అంగుళానికి 72 పిక్సెళ్ళ లెక్క వేస్తాయి, ఇంక్‌స్కేప్ 0.92 వెర్షన్ నుంచి 96 వేస్తోంది. ఎనిమిది అంగుళాలు అక్కడ 576 పిక్సెళ్ళు, అవే ఇక్కడ ఆరు అంగుళాలు. విండోస్‌లో తెరిచినా ఇంతే. మూడింట ఒక వంతు పెంచితే సరిపోతుంది. నా దగ్గర బంగారు షీటు అయిపోయింది కాబట్టి నెమళ్ళు లేకుండానే వెళ్ళాం.

హాల్లో అందరూ చూసి బాగుందన్నారు, ఒక్క మా పెద్దత్త తప్ప. "ష్ఠి కదమ్మా ఉండాల్సింది" అంది. ఠ వొత్తు ఉంటే ఆరోది, ట వొత్తు ఉంటే అరవై. ఈ సంగతి బాబాయే మైకు పట్టుకుని అందరికీ చెప్పాడు, ఆయన రిటైరైంది స్కూలు నుంచి మరి. కేకు కోసి పంచాక మా చెల్లి కొడుకు నోట్లోంచి ఏదో తీసి "పెద్దమ్మా, ఇదేంటి?" అన్నాడు. పూ మీది తలకట్టు.

మీరు మారేముందు చేయాల్సింది, నేను చేయనిది ఒకటుంది. విండోస్ బతికుండగానే మీ డిజైన్లన్నీ ఎస్‌వీజీలోకి తీసి పెట్టుకోండి. నా మెషిన్ కంపెనీ వాళ్ళ సొంత ఫార్మాట్‌లో సేవ్ చేస్తుంది, ఇంక్‌స్కేప్ దాన్ని తెరవదు. ఎస్‌వీజీగా బయటికి తీయాలంటే వాళ్ళ పై వెర్షన్ కొనాలట. ముగ్గు నాది, గీసిన చెయ్యి నాది, తాళంచెవి వాళ్ళ దగ్గర. వినాయక చవితి పత్రి స్టిక్కర్ల సెట్టు మొత్తం మళ్ళీ గీసుకున్నాను. తెలుగు ఉన్న ప్రతి ఫైలుకీ రెండు కాపీలు ఉంచండి. ఒకటి మార్చుకోవడానికి టెక్స్ట్‌గా, ఇంకోటి పాత్‌గా మార్చి. విండోస్‌లోని నిర్మల లాంటి ఫాంట్లు లినక్స్‌లో ఉండవు. పాత్‌గా మార్చిన కాపీకి ఏ ఫాంటుతోనూ పని లేదు.

మ్యాక్ సంగతంటారా, డబ్బుంటే కొనుక్కోండి, మెషిన్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు దానికీ వస్తాయి. పాత విండోస్ హార్డ్ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే విండోస్ ఫార్మాట్‌లో ఉంటే మాత్రం మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ అందులో రాయదు. తలకట్టు అక్కడా ఊడుతుంది.

నా పాత డిస్క్‌ని నేను పడేయలేదు. విండోస్ అందులో అలాగే ఉంది, బీరువాలో రిబ్బన్ల డబ్బా కింద. ఇన్ని నెలల్లో ఒక్కసారి తగిలించాను, అదీ నెట్ తీసేసి, ఆ తాళమేసిన ఫైళ్ళ స్క్రీన్‌షాట్లు తీసుకుని మళ్ళీ గీసుకోవడానికి.