పంది వీర్యం సీసాలను ఇంటి ఫ్రిజ్‌లో పెడితే పాడవుతాయా?

పాడవుతాయి. బర్రెలకు వేసే వీర్యాన్ని నైట్రోజన్ డబ్బాలో అంత చల్లగా ఉంచుతున్నప్పుడు ఈ ఎండాకాలం పంది వీర్యాన్ని ఫ్రిజ్‌లో పెడితే తప్పేంటని జగిత్యాల నుంచి మీరు అడిగారు. నేనూ సరిగ్గా అట్లనే అనుకుని ఒకేసారి మూడు పందుల ఎద పోగొట్టుకున్నాను.

మాది నర్సంపేట వైపు ఊరు. తెల్ల యార్క్‌షైర్ పందులు పెంచుతాను. ఏప్రిల్ నెల అది. మూడు తల్లిపందుల దగ్గర పిల్లలను ఒకే రోజు పాలు మాన్పించాను. నాలుగైదు రోజుల్లో ఎదకొస్తాయని తెలుసు కాబట్టి ముందే ఆరు సీసాలు చెప్పిపెట్టాను. తెల్లవారుజామున హన్మకొండ బస్టాండులో థర్మాకోల్ పెట్టె అందుకున్నాను. ఇంటికి తెచ్చేసరికి మా పెద్దమ్మ కొడుకు వచ్చి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి బర్రెలకు వీర్యం ఎక్కించే సూదులు వేస్తున్న మనిషి. "తమ్మీ, ఎంత సల్లగుంటే అన్ని దినాలు బతుకుతది. మా డబ్బాల మైనస్ 196 డిగ్రీలుంటది. నీ ఫ్రిజ్ ఎంత? పెట్టు" అన్నాడు. పెరుగు గిన్నె పక్కన పెట్టాను. మరునాడు మూడూ ఎదకొచ్చాయి. వీపు మీద చేయి వేసి నొక్కితే చెవులు నిక్కించి రాయిలా నిలబడ్డాయి. ఒక్కో పందికి పూటకో సీసా చొప్పున రెండేసి ఎక్కించాను.

సరిగ్గా 21వ రోజు పొద్దున దాణా పోస్తుంటే మొదటిది మళ్లీ అట్లనే నిలబడింది. సాయంత్రానికి రెండోది, తెల్లారి మూడోది. అంటే ఒక్కటీ కట్టలేదు, చూలు నిలవలేదు. 150 కిలోలకు పైగా దాణా మట్టిపాలు.

అన్న చెప్పింది బర్రెల వరకు నిజమే. కరీంనగర్‌లో ఉన్న కేంద్రం లాంటి చోట్ల ఆంబోతు వీర్యానికి గ్లిజరాల్, గుడ్డు పచ్చసొన లాంటివి కలిపి, పద్ధతి ప్రకారం గడ్డకట్టిస్తారు. పంది వీర్యం సీసాలో ద్రవంగానే వస్తుంది. ఆ కణం పైపొరలోని కొవ్వుకు చలి అసలు పడదు. చలికాలం కొబ్బరినూనె గడ్డకట్టినట్టు 15 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుని పొర దెబ్బతింటుంది. మళ్లీ వెచ్చబెట్టినా లాభం లేదు. దానికి కావలసింది 17 డిగ్రీలు, అటో ఇటో ఒక్క డిగ్రీ.

నాకు మాత్రం కళ్లతో చూస్తే గాని నమ్మకం కుదరలేదు. తర్వాతి విడతలో ఒక సీసాను కావాలనే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఇంకోదాన్ని 17 డిగ్రీల్లో ఉంచి, మామునూరు పశువైద్య కళాశాలలో చదివే మా ఊరి పిల్ల దగ్గరికి రెండూ పట్టుకుపోయాను. వెచ్చటి గాజుపలక మీద ఒక్కో చుక్క వేసి చూపించింది. 17 డిగ్రీల్లో ఉంచింది కదిలించిన చీమలపుట్ట. ఫ్రిజ్‌లో పెట్టినదాంట్లో అక్కడక్కడ ఒకటి వణుకుతోంది, మిగతావన్నీ చచ్చి పడున్నాయి. పైకి చూస్తే మాత్రం రెండు సీసాలూ ఒకటే, అడుగున తెల్లగా, పైన తేటగా. పంది కట్టకపోతే అందరూ మగపందిని తిడతారు గానీ పదింట తొమ్మిదిసార్లు తప్పు దాచిన పెట్టెదేనని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు పాత ఫ్రిజ్ ఒకటి కొని, బయట టెంపరేచర్ కంట్రోలర్ బిగించి 17కు పెట్టాను. లోపల వేరే థర్మామీటరు ఉంటుంది. కరెంటు పోయినా చల్లదనం నిలిచేలా నీళ్ల సీసాలు నింపి పెడతాను. మీరు ఎండాకాలం గురించే అడిగారు, నా భయమంతా జనవరి రాత్రుల గురించి. అప్పుడు గదే 15 కిందికి దిగుతుంది, ఫ్రిజ్ వేడి చేయదు కదా! గోరువెచ్చని నీళ్ల సీసా ఒకటి లోపల పెట్టి, వీర్యం సీసాలకు తగలకుండా దూరం జరుపుతాను. సీసాలు పడుకోబెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మెల్లగా తిప్పాలి. ఊపొద్దు. ఎండ తగలనీయొద్దు. వీర్యం నిలవ ఉండేందుకు కలిపే ద్రావణాల్లో ఒకటైన బీటీఎస్ కలిపినదైతే తీసిన రోజు నుంచి మూడు రోజుల్లో వాడేయాలి.

ఆ తీసిన తేదీ దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బులు లెక్కపెట్టి తీసుకుంటారు, సీసా మీద తేదీ రాయడానికి చేయి రాదు. పార్సిల్ వాళ్లేమో పెట్టెను ఇంజిన్ పక్కన పడేస్తారు. ఇక శిక్షణ అని పిలిచిన చోటల్లా పొద్దంతా బర్రెల గురించే చెప్పి, పందుల దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళైందంటారు. పందులు పెంచేవాళ్లు రైతులు కారా?

మీరు జగిత్యాల దాకా తెప్పిస్తున్నారు కాబట్టి పెట్టెలో చిన్న థర్మామీటరు వేయమని పంపేవాళ్లకు ముందే చెప్పండి. మూత తీయగానే ముందు దాన్ని చూడండి. పది, పన్నెండు చూపిస్తే ఫొటో తీసి వాళ్లకు పంపండి, సీసాలు వాడొద్దు. ఎద దాటకముందే దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న మగపంది ఎవరి దగ్గరుందో కనుక్కుని కట్టించండి.