కొలంబోకు దరఖాస్తు కాదు, హైకోర్టులో దావా వేయండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో ఒక తీరగ్రామం. నాకు ఇంజిను బోటు ఉంది. రెండేళ్ళ పది నెలల క్రితం, మార్చి చివరి వారంలో, శ్రీలంక వైపు ప్రమాదానికి గురైన విదేశీ ట్యాంకరు నుంచి ముడిచమురు మా తీరానికి ముద్దలుగా కొట్టుకొచ్చి వలలన్నీ పాడైపోయాయి. కిరోసిన్‌తో కడిగినా పనికిరాక వాటిని తగలబెట్టాను. జూన్ చివరిదాకా మూడు నెలలు వేట లేక అప్పులపాలయ్యాను. కలెక్టరుకు అర్జీలు ఇచ్చినా ఫలితం లేదు. సముద్ర రక్షణకు దక్షిణాసియా దేశాల ఒప్పందం ఉందని, కొలంబోలోని కార్యాలయానికి దరఖాస్తు పెడితే పరిహారం వస్తుందని ఒకాయన చెబుతున్నాడు. పాత తేదీలతో వలల బిల్లులు కూడా ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ వలలకు అంటిన చమురు ఆ ట్యాంకరుదేనని గడువులోగా కోర్టు ముందు చూపగలరా, లేదా అన్న ఒక్క అంశం మీదే మీ కేసు ఆధారపడి ఉంది.

ఆయన చెప్పిన ఒప్పందం నిజమే. భారత్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు 1995లో ఢిల్లీలో దక్షిణాసియా సముద్రాల కార్యాచరణ ప్రణాళికను ఆమోదించాయి. కొలంబోలోని సాసెప్ (దక్షిణాసియా సహకార పర్యావరణ కార్యక్రమం) అనే ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ దాని నిర్వహణ చూస్తుంది. పొరుగు దేశాల సహకారం చిన్న విషయం కాదు. 2020 సెప్టెంబరులో దాదాపు 2,70,000 టన్నుల ముడిచమురుతో పారాదీప్‌కు వస్తున్న న్యూ డైమండ్ ట్యాంకరు శ్రీలంక తూర్పు తీరానికి దూరంగా తగలబడినప్పుడు మన కోస్ట్‌గార్డ్ ఓడలు, శ్రీలంక నౌకాదళం కలిసి మంటలు ఆర్పాయి. అయితే సాసెప్ ఏర్పాటు ప్రభుత్వాలు ఒకదానికొకటి కబురు చేసుకొని సాయం పంపుకోవడానికి ఉద్దేశించినది. అందులో మత్స్యకారుడు పరిహారం కోరగల నిబంధన ఏదీ లేదు.

మీకు హక్కునిచ్చేవి 1992 నాటి చమురు కాలుష్య పౌర బాధ్యత ఒప్పందం, దానికి అనుబంధంగా ఉన్న నిధి ఒప్పందం. రెండింటిలోనూ భారత్ సభ్యదేశం. ఓడ యజమాని నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించనక్కరలేదు. ప్రమాదం ఎక్కడ జరిగినా నష్టం మన తీరంలో జరిగింది కనుక దావా మన కోర్టులోనే వేయవచ్చు, బీమా సంస్థను నేరుగా ప్రతివాదిగా చేర్చవచ్చు. యజమాని బాధ్యతకున్న పరిమితి దాటిన నష్టానికి లండన్‌లోని అంతర్జాతీయ నిధి ఉంది.

కాని నష్టం జరిగిన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వేయకపోతే ఆ హక్కే అంతరించిపోతుంది. మీకు మిగిలింది రెండు నెలలు. కలెక్టరుకు ఇచ్చిన అర్జీలు గడువును ఒక్క రోజు కూడా ఆపవు. ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి వీలిచ్చే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 దావాలకు వర్తించదు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో పరిహారానికి ఐదేళ్ళ గడువు ఉందని ఎవరైనా చెబితే దాన్ని నమ్ముకొని కూర్చోకండి, ఎదుటిపక్షం అక్కడ కూడా ఈ మూడేళ్ళ గడువునే ముందుకు తెస్తుంది.

వలలు తగలబెట్టి మీరు పెద్ద పొరపాటు చేశారు. చమురంటిన మూరెడు వల ముక్కను గాజు సీసాలో మూతపెట్టి, తేదీ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి ఉంటే ప్రయోగశాలలో దాన్ని ట్యాంకరు చమురుతో పోల్చి చూసే అవకాశం ఉండేది. వచ్చే పోయే ఓడలన్నీ చమురు వదిలే సముద్రంలో, తీరాన దొరికిన నల్ల ముద్ద తమది కాదనడం ఎదుటిపక్షానికి చాలా తేలిక. మీ ఊళ్ళో ఎవరి గుడిసెలోనైనా అప్పటి వల ముక్క మిగిలి ఉందేమో ఈ రోజే వెతకండి. అప్పట్లో కోస్ట్‌గార్డ్, కాలుష్య నియంత్రణ మండలి తీసిన నమూనాల నివేదికలకు సమాచార హక్కు చట్టం కింద వెంటనే దరఖాస్తు చేయండి, జవాబు రావడానికే నెల పట్టవచ్చు.

మూడు నెలల వేట నష్టం అన్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిను బోట్లకు వేట నిషేధం. ఆ రోజులకు కూడా నష్టం కోరితే, నిషేధ కాలపు భృతి మీరు తీసుకున్న రికార్డును చూపించి మిగతా లెక్క కూడా అబద్ధమంటారు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ 14 దాకా, జూన్ 15 తర్వాత పోయిన రోజులే రాయండి.

పాత తేదీల బిల్లుల జోలికి అసలు వెళ్ళకండి. అది ఫోర్జరీ, జైలుకు దారితీసే నేరం. పైగా ఒక్క దొంగ బిల్లు బయటపడితే మీతోపాటు ఊళ్ళో నిజంగా నష్టపోయిన ప్రతి ఒక్కరి క్లెయిమునూ అనుమానంతో చూస్తారు. నిజమైన బిల్లులు లేకపోయినా దారి ఉంది. బోటు రిజిస్ట్రేషను, డీజిల్ రాయితీ రికార్డు, చేపలు కొన్న వ్యాపారి పద్దు పుస్తకంలో మీ పేరున్న పేజీలు, ఫోనులో తీసిన అసలు ఫొటోలు పోగుచేయండి. ఫొటోలను వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు, తీసిన తేదీ వివరాలున్న ఆ ఫోనునే భద్రపరచండి.

ఈ వారంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మీ ఆదాయం పరిమితిలోపు ఉంటే న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు. ఓడ యజమానిని, బీమా సంస్థను ప్రతివాదులుగా చేర్చి హైకోర్టులో అడ్మిరాల్టీ (ఓడలకు సంబంధించిన వివాదాల) పరిధి కింద దావా వేయించండి, అంతర్జాతీయ నిధికి కూడా గడువులోగానే కోర్టు ద్వారా నోటీసు ఇప్పించండి. నివేదికలు చేతికి రాకపోయినా ఆగవద్దు, వాటిని తర్వాత దాఖలు చేయడానికి కోర్టు అనుమతి కోరవచ్చు.