జీతం వస్తూనే ఉంది, మరి ఈ భయం ఎందుకు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మంచి జీతం, సొంతిల్లు ఉన్నాయి. ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్లు కట్టాలి. ఈమధ్య నా పక్క సీట్లో పనిచేసే ఆయన ఉద్యోగం పోయింది. మొన్న ఫోన్ చేసి పిల్లల ఫీజుకు అప్పు అడిగారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మాలాంటి వాళ్లు కూడా పేదవాళ్లయిపోతారా?

జవాబు: అవుతారండీ. దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే ‘మాలాంటి వాళ్లు’ అన్న మాటలోనే చిక్కుంది. పేదవాళ్లంటే పని చేయనివాళ్లో, తాగుడుకు అలవాటు పడ్డవాళ్లో అని జనం చాలాకాలం నమ్మారు. 1899లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో సీబోమ్ రౌన్‌ట్రీ అనే పరిశోధకుడు మనుషుల్ని ఇల్లిల్లూ తిప్పించి లెక్క తీస్తే ఆ నమ్మకం తప్పని తేలింది. కనీస అవసరాలకు కూడా సంపాదన చాలని జనంలో సగానికి పైగా, ఇంటిని పోషించే మనిషి రోజూ పనికి వెళ్తున్న ఇళ్లలోనే ఉన్నారు. పేదరికం ఒకే మనిషి జీవితంలో వచ్చి, పోయి, మళ్లీ వస్తుందని కూడా ఆయన గమనించారు: చిన్నతనంలో, తన పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, ముసలితనంలో. ఓడలు బళ్లవుతాయని మనం ఊరికే అనుకోం కదా.

నా దగ్గరికి ఒక జంట వచ్చారు. ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. బ్యాంకులో ఉన్నది మాత్రం ఏడు వారాల ఖర్చుకు సరిపడా. భర్త ఉద్యోగం పోయి నాలుగు నెలలు. అయినా ఇరుగుపొరుగుకు తెలియకూడదని రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికి వెళ్లేవారు. క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం మాత్రమే కడుతూ ఇల్లు నడిపారు. ఉద్యోగం పోవడం కన్నా ఆ గుట్టే వాళ్లను ఎక్కువ ముంచింది. ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. మొదటి నెలలోనే వచ్చి ఉంటే చాలావరకు సర్దగలిగేవాళ్లం.

కాబట్టి జీతం చూసి ధైర్యపడకండి, జీతం ఆగితే ఎన్ని నెలలు గడుస్తుందో లెక్కపెట్టుకోండి. మీ పొదుపులో అవసరమైతే వారంలోపు చేతికి తెచ్చుకోగల డబ్బెంతో రాసి, దాన్ని లోన్ వాయిదా కూడా కలిపిన మీ నెల ఖర్చుతో భాగించండి. ఇల్లు ఇందులోకి రాదు, ఎందుకంటే అవసరం పడిన రోజున అది అమ్ముడుపోదు. వచ్చిన అంకె మూడు కన్నా తక్కువైతే లోన్ ముందుగా తీర్చే ఆలోచన పక్కన పెట్టి, ముందు ఈ నిల్వ పెంచండి. ఈ వయసులో కొత్త ఉద్యోగం దొరకడానికి టైమ్ పట్టొచ్చు కాబట్టి తొమ్మిది నెలలకు చేరేదాకా ఆపొద్దు. ఆరోగ్య బీమా కంపెనీదొక్కటే ఉంటే విడిగా ఒకటి తీసుకోండి. ఉద్యోగంతోపాటు అదీ పోతే, ఆ నెలలోనే జబ్బు చేస్తే, ఎంత పొదుపు చేసినవాళ్లకైనా నిలదొక్కుకోవడం కష్టం.

ఇక మీ సహోద్యోగి సంగతి. తిరిగి రాకపోయినా ఫర్వాలేదు అనుకున్నంత ఇవ్వండి, ఆయన అప్పుకు హామీ సంతకం మాత్రం వద్దు. ఆయనకూ లోన్ ఉంటే, ఈ ఆదివారం ఆయనతో కూర్చుని, ఒక్క వాయిదా కూడా తప్పకముందే గడువు పెంచమని బ్యాంకుకు లెటర్ రాయించండి. ఇంట్లో వాళ్లకు విషయం చెప్పారో లేదో కూడా అడగండి.