చప్పుళ్ల గుట్టు 1870లోనే విప్పవచ్చు

ఆత్మలు చప్పుళ్లతో జవాబిస్తాయని నమ్మించే గది గుట్టును డిటెక్టివ్ విప్పే మీ కథ ముగింపు గురించి అడిగారు. కథాకాలం 1870 కాబట్టి, ఆత్మలతో మాట్లాడతామని చెప్పుకున్న అమెరికా అక్కచెల్లెళ్లలో ఒకరైన మ్యాగీ ఫాక్స్, ఆ చప్పుళ్లు కాలి కీళ్ల నుంచి వచ్చేవని చేసిన ఒప్పుకోలును డిటెక్టివ్ చేత చెప్పించలేరు. అది 1888 నాటిది. అయినా ముగింపు మార్చనక్కర్లేదండీ. 1851లోనే అమెరికాలోని బఫెలో నగర వైద్యులు ముగ్గురు, మోకాలి కీళ్లే చప్పుడు చేస్తున్నాయని పత్రికకు రాశారు. ఆపైన ఫాక్స్ అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, మడమల కింద మెత్తటి దిండ్లు పెట్టించారు. పాదాలకు ఆనిక లేకపోయేసరికి చప్పుళ్లు ఆగిపోయాయి! మీ డిటెక్టివ్ కూడా ఆ దిండ్లే తెప్పించాలి.

ఒక్క మనవి. అమెరికా అంతర్యుద్ధంలో కొడుకును పోగొట్టుకుని, అతని ఆత్మతో మాట్లాడాలని ఆ గదికి వచ్చే మీ కథలోని తల్లిని దయచేసి వెర్రిదానిగా చూపకండి. ఎందరో సైనికుల శవాలు ఇళ్లకు చేరనే లేదు. గుట్టు తెలిశాక కూడా ఆమెను మళ్లీ ఆ గదికి పంపండి. 1851 తర్వాతా ఫాక్స్ అక్కచెల్లెళ్ల దగ్గరికి జనం వెళ్తూనే ఉన్నారు.