శక్తి కాదు, స్థిరత్వం చూడండి

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటున్నాడు. తక్కువ ధరలో ఎలాంటిది కొనాలి? లైసెన్సు కావాలా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్లు దాటని శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదమ్మా. తుపాకీ మాత్రం మీ అదుపులోనే, తాళం వేసి ఉంచండి.

కొత్తవాళ్లకు బ్యారెల్ వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్ చవక. ‘ఎక్కువ పవర్’ అనే మాటకు లొంగకండి. కాగితం గురికి 7–8 జౌళ్లు చాలు. పెల్లెట్ (చిన్న గుండు) బ్యారెల్ దాటకముందే, స్ప్రింగ్ తోసే పిస్టన్ లోపల కొట్టుకుని తుపాకీ అదురుతుంది; పవర్ పెరిగేకొద్దీ గురి చెదురుతుంది. అందుకే గట్టిగా బిగించకుండా, ప్రతిసారీ ఒకేచోట వదులుగా పట్టుకోవాలి.

కొట్లోనే బ్యారెల్ మూసి పక్కలకు కదిపి చూడండి. ఏమాత్రం ఊగినా వద్దు. గురి చూడ్డానికి వెనక రంధ్రపు సైటు, సర్దుకునే ట్రిగ్గర్ ఉంటే మేలు. చదును తల పెల్లెట్లు మూడు రకాలు తెచ్చి, తుపాకీని ఆనించి ఒక్కో రకం ఐదేసి కాల్చి, దగ్గరగా పడినవే వాడండి.

పెల్లెట్ లేకుండా కాల్చనివ్వకండి, పిస్టన్ సీలు పాడవుతుంది. మేడ మీద వద్దు. గురి వెనక గట్టి గోడ, పెల్లెట్లు ఆపే పెట్టె, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.