మణిమేకలైని తీసెయ్యకు

అమ్మడూ,

చోళుల కాలం మీద కల్కి రాసిన తమిళ నవల ‘పొన్నియిన్ సెల్వన్’కి నువ్వు పంపిన వెబ్ సిరీస్ అవుట్‌లైన్ రెండుసార్లు చదివాను. ఐదు భాగాల నవల పది ఎపిసోడ్లలో పట్టదు, కొన్ని పాత్రలు పోవాల్సిందే. అది ఒప్పుకుంటాను. కానీ నువ్వు మొట్టమొదట కొట్టేసింది మణిమేకలైని. మణిరత్నం సినిమాల్లో కూడా ఆమె లేదు కదా అన్నావు. రెండు సినిమాల్లో కథంతా చెప్పాల్సిన వాళ్ల ఇబ్బంది వేరు. నీకు అంతకంటే ఎక్కువ సమయం ఉంది.

ఆ పిల్ల ఏం చేస్తుందో మళ్లీ చదువు. అన్న కందమారన్ తన స్నేహితుడి గురించి చెప్పే మాటలు విని విని ఆ స్నేహితుడికి, మన హీరో వందియదేవుడికి, మనసిచ్చేసింది. ఇంట్లోవాళ్లు సంబంధం మార్చారు, ఆమె మనసు మారలేదు. కడంబూరు కోటలో చోళ యువరాజు ఆదిత్య కరికాలుడు హత్యకు గురైతే, ఆ నేరం వందియదేవుడి మీద పడకూడదని తానే చంపానంటుంది. వందియదేవుడికేమో కరికాలుడి చెల్లెలు కుందవై అంటే ప్రాణం. అయినా ఈమె చివరికి అతని ఒళ్లోనే కన్నుమూస్తుంది. అంత పెద్ద నవలను కల్కి పట్టాభిషేకంతో కాదు, ఈ పిల్ల చావుతో ముగించారు. కనపడిన ప్రతి అమ్మాయితో సరదాగా మాట్లాడే కుర్రాడు ఆ రోజుతో పెద్దవాడవుతాడు. ఆమె లేకపోతే అతను మొదటి ఎపిసోడ్‌లో వీరనారాయణ చెరువు గట్టు మీద గుర్రమెక్కి ఎలా వచ్చాడో, చివరిదాకా అలాగే ఉండిపోతాడు.

మద్రాసులో సీరియళ్లకు మాటలు రాసే రోజుల్లో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఎపిసోడ్లు తగ్గించాలని ఇలాంటి పిల్లనే ఒక కథలోంచి తీసేశాను. ఆ తర్వాత ఎన్ని డైలాగులు రాసినా హీరోకు బరువు రాలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

నందిని విషయంలో ఇంకొక్క మాట. ఆమెను విలన్‌గా మొదలుపెట్టకు. ప్రాణభిక్ష పెట్టమని ఆమె వేడుకుంటున్నా, ఆమె కళ్లముందే కరికాలుడు పాండ్యరాజు వీరపాండ్యుణ్ణి చంపాడు. ఆ సీను ఆలస్యంగా చూపించినా ఫరవాలేదు, నటికి మాత్రం మొదటి రోజే చెప్పాలి. ఆమె ముసలి భర్త పెరియ పళువేట్టరాయర్ ప్రేమను కామెడీ చెయ్యొద్దు. ఒంటి మీద 64 గాయాలున్న యోధుడు ఆమె ముందు ఎంత మెత్తబడతాడో చూపించు చాలు.

పడవ నడిపే పిల్ల పూంగుళలికి పాట ఇవ్వు, డ్యూయెట్ వద్దు. కోడిక్కరై చిత్తడి నేలల్లో రాత్రిళ్లు ఎగసే కొరివి దయ్యాల్ని చూపించి, ఇవే నా ప్రియులు అంటుందే, ఆ ఒక్క సీనులో ఆమె ఒంటరితనమంతా ఉంది.

చోళులకు మన వేంగి రాజులతో కలిసిన సంబంధం వాయిస్ ఓవర్‌లో పెట్టావు. రాజమండ్రి దానిగా నాకూ ముచ్చటే. కరికాలుడి తమ్ముడు అరుళ్‌మొళి రాజరాజ చోళుడయ్యాడు, అక్క పేరే పెట్టుకున్న కూతురు కుందవ్వను విమలాదిత్యుడికిచ్చాడు, వాళ్ల కొడుకే నన్నయను ఆదరించిన రాజరాజ నరేంద్రుడు. కానీ అదంతా ఈ కథ అయిపోయాక జరిగింది. తీసెయ్.

ముందు మణిమేకలై చివరి సీను రాసి పంపు. అది చేతిలో ఉంటే మిగతా వాటిలో ఏది పోవాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య